ఓడిపోయే హక్కు మనకు లేదా?

2025 మే నెల మొదట్లో ఒకరోజు పొద్దున్న మావారు పేపరు చదువుతూ, "ఇదిగో చూశావా, ట్రినిడాడ్‌లో మనవాళ్ళమ్మాయి మళ్ళీ ప్రధానమంత్రి అయింది" అన్నారు. ఇడ్లీపిండి కలుపుతున్నదాన్ని చెయ్యి తుడుచుకుని వచ్చి చూశాను. లోపలి పేజీలో ఓ మూల చిన్న వార్త, పక్కన ఫోటో. కమలా పెర్సాద్ బిసెస్సర్. ఆవిడకి అప్పటికి 73 ఏళ్ళు. ఆవిణ్ణి "అమ్మాయి" అనడం మావారి ఉదారత!

నిజం చెప్పొద్దూ, నా చెవిలో పడింది "మనవాళ్ళమ్మాయి" అన్న మాట కాదు, "మళ్ళీ" అన్న మాట. ఆ పూటంతా వంట చేస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా ఆ "మళ్ళీ" నన్ను వదలలేదు. మళ్ళీ అయిందంటే మధ్యలో ఓడిపోయిందనే కదా. ఓడిపోయాక కూడా అక్కడే నిలబడి ఉందనే కదా. మన చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో ఎంతమందికి ఆ "మళ్ళీ" దక్కింది?

ట్రినిడాడ్ అంటే మా ఇంట్లో పిల్లలకి తెలిసింది క్రికెటర్ లారా ఒక్కడే. అసలు పేరు ట్రినిడాడ్ అండ్ టొబాగో. వెస్టిండీస్ దీవుల్లో దక్షిణపు కొసన, వెనిజులా తీరానికి దగ్గరగా ఉన్న రెండు దీవుల దేశం. జనాభా సుమారు 14 లక్షలు. అంటే మన విశాఖపట్నం కంటే తక్కువే. అంత చిన్న దేశంలో మూడోవంతుకి పైగా జనం భారతీయ సంతతివాళ్ళు. ఇంచుమించు అంతేమంది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ సంతతి.

మనవాళ్ళు అక్కడికి వెళ్ళింది డాలర్లు సంపాదించడానికి కాదు. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనికి మనుషులు దొరక్క, తెల్లదొరలు మన దేశం నుంచి ఒప్పంద కూలీల్ని ఓడలకెక్కించారు. మొదటి ఓడ 1845 మే 30న అక్కడి రేవు చేరింది. 1917 దాకా అలా వెళ్ళినవాళ్ళు లక్షా నలభై వేల మందికి పైనే. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్ళిన భోజ్‌పురి ప్రాంతంవాళ్ళు. మద్రాసు రేవు నుంచి వెళ్ళిన కొద్దిమందిలో తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ అందర్నీ కలిపి "మద్రాసీలు" అనేవారట. కమలగారి ముత్తాతది బీహార్‌లోని బక్సర్ జిల్లా భేలూపూర్. 2012లో ప్రధానమంత్రి హోదాలో ఆవిడ ఆ ఊరు వచ్చి వెళ్ళారు కూడా.

అక్కడ తొలిసారి ఎన్నికలు జరిగింది 1925లో. ఆస్తీ ఆదాయమూ ఉన్నవాళ్ళకే ఓటు. మగవాడికి 21 ఏళ్ళకి ఓటు వస్తే ఆడదానికి 30 నిండాలి. ఇక పోటీకి నిలబడటం ఆడవాళ్ళకి కుదరనే కుదరదు. 1946లో గాని వయోజనులందరికీ ఓటు రాలేదు. అప్పుడు కూడా ఇంగ్లీషు వచ్చినవాళ్ళకే ఓటివ్వాలని ఒక మెలిక పెట్టబోయారు. ఆ మెలికే ఉండిపోతే, చెరకు తోటల్లో పనిచేసే భారతీయ కూలీలు, అందులోనూ బడి మొహం చూడని ఆడవాళ్ళు ఓటుకి దూరమైపోయేవారు. గొడవ చేస్తే చివరికి దాన్ని తీసేశారు. ఓటే ఇవ్వబోమన్నచోట అరవై నాలుగేళ్ళకి ఒక కూలీ మునిమనవరాలు ప్రధానమంత్రి అయింది. ఈ గెలుపు కథ వినడానికి బాగుంటుంది. పేపర్లన్నీ రాశాయి. నేను చెప్పదలచుకున్నది మాత్రం ఆవిడ ఓటముల గురించి.

మళ్ళీ అంటే పదేళ్ళు

వాళ్ళ పార్లమెంటు ఇంచుమించు మనలాంటిదే. ఇంగ్లీషువాళ్ళ దగ్గర నేర్చుకున్నదే మరి! కింది సభలో 41 సీట్లు. వాటిలో 39 ట్రినిడాడ్‌వి, 2 టొబాగోవి. ఎవరికి ఒక్క ఓటు ఎక్కువొస్తే వాళ్ళే ఆ నియోజకవర్గం సభ్యులు. పై సభలో 31 మంది, అందరూ నామినేట్ అయినవాళ్ళే. పొద్దున్న ఆరింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా పోలింగు. రెండు పెద్ద పార్టీలు. ఆఫ్రికా సంతతివాళ్ళు ఎక్కువగా వెనకున్న పీఎన్ఎం ఒకటి, భారత సంతతివాళ్ళు ఎక్కువగా వెనకున్న యూఎన్‌సీ ఒకటి. ఈ చీలిక ఆ దేశానికి పాత జబ్బే. 2001లో ఎన్నికలు జరిగితే 36 సీట్లలో చెరి పద్ధెనిమిదీ వచ్చి కూర్చున్నాయి. సభకి స్పీకర్ని కూడా ఎన్నుకోలేక మరుసటి ఏడు 2002లో మళ్ళీ ఎన్నికలకి వెళ్ళారు. ఆ తర్వాతే సీట్లని 41 చేశారు, బేసి సంఖ్య అయితే పీటముడి పడదని!

కమలగారు చదువు చెప్పిన టీచరు, తర్వాత లాయరు. 1995లో సిపారియా నియోజకవర్గం నుంచి గెలిచి పార్లమెంటుకొచ్చారు. ఆ ఏడే ఆ దేశానికి మొదటి మహిళా అటార్నీ జనరల్ అయ్యారు. తర్వాత విద్యాశాఖ మంత్రి. 2006లో ఆవిడ పార్టీ పెద్దాయన, మాజీ ప్రధాని బాస్‌దేవ్ పాండే కోర్టు కేసులో ఇరుక్కుని పదవి పోగొట్టుకుంటే, ప్రతిపక్ష నాయకురాలి కుర్చీ ఈవిడకిచ్చారు. తీరా 2007 ఎన్నికలొచ్చేసరికి పార్టీని నడిపించింది పెద్దాయనే. ఎన్నికల తర్వాత ప్రతిపక్ష నాయకుడి కుర్చీలోనూ మళ్ళీ ఆయనే. కోర్టులో ఆ శిక్ష కొట్టేశారు కాబట్టి ఆయన తిరిగి రావడంలో తప్పులేదు. కానీ ఈ తంతు మనకి బాగా తెలిసిందే కదూ? ఆయన ఊళ్ళో లేనప్పుడు కొట్టు చూసుకోవడానికి భార్య కావాలి. ఆయన రాగానే "ఇక నువ్వు లోపలికెళ్ళు" అంటారు.

ఈవిడ లోపలికెళ్ళలేదు. 2010 జనవరిలో పార్టీ నాయకత్వానికి ఎన్నిక జరిగితే ఆ పెద్దాయన మీదే పోటీచేసి గెలిచారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ ఇంట గెలవడమే ఆడదానికి అసలు కష్టం. ఇంట గెలిచాక నాలుగు నెలలకే రచ్చ కూడా వచ్చిపడింది. అప్పటి ప్రధాని పాట్రిక్ మానింగ్ ఇంకా సగం గడువుండగానే ఎన్నికలు పెట్టారు. ప్రతిపక్షం సర్దుకోకముందే కొట్టేయొచ్చనుకుని ఉంటారు. ఈవిడ అయిదు పార్టీల్నీ సంఘాల్నీ ఒక తాటిమీదకి తెచ్చారు. 2010 మే 24న 41 సీట్లలో 29 గెలిచారు. ఆ దేశానికి మొదటి మహిళా ప్రధాని. భగవద్గీత మీద చెయ్యిపెట్టి ప్రమాణం చేశారు. ఇక్కడిదాకా మనం పండగ చేసుకునే కథ.

2015 సెప్టెంబరు 7న ఓడిపోయారు. పీఎన్ఎంకి 23, ఈవిడ కూటమికి 18. ఆ రోజు పెద్దవాన పడిందని ట్రినిడాడ్‌లో పోలింగు ఒక గంట పొడిగించారు. దానిమీద కోర్టుకెళ్ళారు. అక్కడా ఓడిపోయారు.

మామూలుగా అయితే ఇక్కడితో ఆడవాళ్ళ కథ అయిపోవాలి. "సరే, మొదటి మహిళా ప్రధాని అనిపించుకుంది, చాలు" అని ఒక శాలువా కప్పి పంపేస్తారు. 2015 డిసెంబరులోనే పార్టీలో నాయకత్వానికి ఎన్నిక జరిగింది. సొంత మంత్రివర్గంలో పనిచేసినవాళ్ళే పోటీకొచ్చారు. ఈవిడే గెలిచారు. 2020 ఆగస్టులో దేశంలో ఎన్నికలు. మళ్ళీ ఓటమే, 22కి 19. అదే ఏడు డిసెంబరులో పార్టీలో మళ్ళీ సవాలు. మళ్ళీ గెలిచారు. 2024లో పార్టీలో ఇంకో తిరుగుబాటు. దాన్నీ దాటారు. 2025 ఏప్రిల్ 28న, 73వ పుట్టినరోజు వెళ్ళిన ఆరో రోజున, 41లో 26 సీట్లు. పీఎన్ఎంకి 13. టొబాగోలో రెండూ అక్కడి పార్టీవి. మే 1న ప్రమాణ స్వీకారం.

మావారు ఒక్క ముక్కలో అన్న ఆ "మళ్ళీ"కి అర్థం ఇదీ. ఇంచుమించు పదేళ్ళు!

మా వదిన కథ

మా పుట్టింటి ఊళ్ళో నాకు వదిన వరసయ్యే ఆమె ఒకరున్నారు. టెన్త్ ఫస్టుక్లాసులో పాసయింది. ఊళ్ళో ఎవరికి రేషన్‌కార్డు కాగితం రాయాలన్నా, ఎవరి పిల్లని హాస్టల్లో చేర్పించాలన్నా ఈవిడ దగ్గరికే వస్తారు. ఒకసారి సర్పంచ్ సీటు ఆడవాళ్ళకి రిజర్వయింది. "మనింట్లోంచి ఎవరో ఒకరు నిలబడాలి" అని ఇంట్లో మగవాళ్ళు అనుకుని ఈవిడ చేత నామినేషన్ వేయించారు. ఈవిడ మాత్రం ఆ "ఎవరో ఒకరు" లాగా ఊరుకోలేదు. గడపగడపకీ తిరిగింది. తాగునీటి టాంకు సంగతి, బడికి గోడ సంగతి చీటీల మీద రాసుకుని మరీ మాట్లాడింది. కొద్ది ఓట్లలో పోయింది.

అంతే. ఇంట్లో చావు జరిగినట్టు వారంరోజులు పొయ్యి సరిగా వెలగలేదు. అత్తగారు "వీధిన పడి పరువు తీసింది" అంది. ఖర్చయిన ప్రతి రూపాయీ ఆవిడ ఖాతాలో రాశారు. మా అన్నయ్య అయితే నెలరోజులు మొహం చూసి మాట్లాడలేదు. నిలబెట్టిందెవరో అందరూ మరిచిపోయారు. ఓడిందెవరో మాత్రం ఒక్కరూ మరవలేదు.

తర్వాతిసారి సీటు జనరల్ అయింది. ఆవిడ మరిది నిలబడ్డాడు. ఆయనా ఓడిపోయాడు, ఈవిడ కంటే ఎక్కువ తేడాతో. సాయంత్రం ఇంటి అరుగు మీద నలుగురూ చేరి, "పడ్డవాడు చెడ్డవాడు కాడులే, వచ్చేసారి చూసుకుందాం" అని టీలు తాగారు. ఆ టీలు కలిపింది మా వదినే. వచ్చేసారి కూడా ఆయన ఓడిపోయాడు. అయినా ఊళ్ళో ఆయన్ని ఇప్పటికీ "లీడరుగారు" అనే పిలుస్తారు!

ఆ మధ్య వెళ్ళినప్పుడు అడిగాను, "మళ్ళీ నిలబడకూడదా వదినా?" అని.

"ఊరుకో అమ్మాయ్! ఒకసారి నిలబడినందుకే ఇన్నేళ్ళుగా తింటున్నాను చీవాట్లు. మళ్ళీ కూడానా?" అంది. నవ్వుతూనే అంది గాని, చేతిలో చేట ఆగిపోయింది.

పడ్డవాడు చెడ్డవాడు కాడు. సామెత ఎంత బాగుందో చూడండి. కానీ అందులో ఉన్నది "వాడు". పడ్డ ఆడదాని గురించి మన భాషలో ఉన్న మాటలు వేరు. అవి ఇక్కడ రాయడానికి కూడా నోరు రాదు.

వాళ్ళకి మెట్టు, మనకి గొయ్యి

ట్రినిడాడ్ మగ నాయకుల్నే చూడండి. పాట్రిక్ మానింగ్ 1995 ఎన్నికల తర్వాత ప్రధాని పదవి పోగొట్టుకున్నారు. 2000లోనూ ఓడిపోయారు. అయినా 2001 చివర మళ్ళీ ప్రధాని అయ్యారు. కీత్ రౌలీని 2008లో మంత్రివర్గంలోంచి తీసేశారు. ఏడేళ్ళకి ఆయనే ప్రధాని. ఇక 2025 సంగతి. రౌలీ దిగిపోతూ స్టూవర్ట్ యంగ్‌ని మార్చి 17న ప్రధానిని చేశారు. ఆయన మర్నాడే ఎన్నికలు ప్రకటించారు. మే 1కల్లా పదవి పోయింది. సరిగ్గా 45 రోజుల ప్రధాని. దాన్ని చూసి "మగవాళ్ళకి రాజ్యం చేతకాదు" అని ఎవరైనా అన్నారా? అనరు. ఒక మగవాడు ఓడితే ఆ ఒక్కడే ఓడినట్టు. ఒక ఆడది ఓడితే ఆడజాతి మొత్తం ఓడినట్టు!

అందుకే ఈ వెస్టిండీస్ ఆడవాళ్ళంటే నాకు ముచ్చటేస్తుంది. డొమినికాలో యూజీనియా చార్ల్స్ 1975లో ఓడి ప్రతిపక్షంలో కూర్చున్నారు. 1980లో గెలిచి ఆ దీవులన్నిటికీ తొలి మహిళా ప్రధాని అయ్యారు, పదిహేనేళ్ళు పాలించారు. జమైకాలో పోర్షియా సింప్సన్ మిల్లర్ 2006లో ప్రధాని అయి, 2007లో ఓడి, 2011 డిసెంబరులో 63 సీట్లకి 42 గెలిచి తిరిగొచ్చారు. 2016లో మళ్ళీ ఒక్క సీటు తేడాతో ఓడారు. బార్బడోస్‌లో మియా మోట్లీ ప్రతిపక్ష నాయకురాలిగా ఉండగా 2010లో సొంత పార్టీవాళ్ళే దింపేసి, పాత పెద్దాయనని తెచ్చి కూర్చోబెట్టారు. అచ్చం కమలగారి కథే! ఆ పెద్దాయన నాయకత్వంలో 2013లో పార్టీ ఓడిపోయింది. మళ్ళీ మోట్లీ దగ్గరికే వచ్చారు. 2018లో ఆవిడ 30 సీట్లకి 30 గెలిచారు. 2022లోనూ 30కి 30!

వీళ్ళెవరూ ఒక్కసారికి గెలిచి దేవతలైపోలేదు. పడ్డారు, లేచారు, మళ్ళీ పడ్డారు. మనకి దేవతల కథలు చాలానే ఉన్నాయి. పడి లేచిన ఆడమనుషుల కథలే తక్కువ.

మనమ్మాయే, అయితే మాత్రం?

ఇంకో మాట కూడా చెప్పాలి. ఓడిపోయే హక్కు అడుగుతున్నామంటే, ఎందుకు ఓడామో వినే ఓపిక కూడా ఉండాలి.

2015లో కమలగారు ఓడింది ఆడది కాబట్టి కాదు. 2012లో "సెక్షన్ 34" అని ఒక పెద్ద గొడవ జరిగింది. ఒక కొత్త చట్టంలో ఆ ఒక్క సెక్షన్‌ని ముందుగా అమల్లోకి తెచ్చేశారు. దాన్ని పట్టుకుని పాత అవినీతి కేసుల్లో ఉన్నవాళ్ళు బయటపడే వీలొచ్చింది. జనం వీధుల్లోకి వచ్చారు. ఆ సెక్షన్ని రద్దు చేయాల్సొచ్చింది, న్యాయశాఖ మంత్రిని తీసేయాల్సొచ్చింది. అలాంటివి ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. జనం లెక్క చూసుకున్నారు, ఓడించారు. అది జనం హక్కు.

నాకు వాటన్నిటికంటే కొట్టొచ్చినట్టు కనబడింది వేరే సంగతి. ఆ దేశంలో హిందూ వివాహ చట్టం ప్రకారం ఆడపిల్లకి పెళ్ళి వయసు 14. ముస్లిం చట్టం ప్రకారం 12. ఎప్పటివో పాత చట్టాలు. చెల్లాయి చదువుకోవాల్సిన వయసులో సంసారం! మొదటి మహిళా ప్రధాని, అదీ టీచరుగా పనిచేసినావిడ, అయిదేళ్ళు పదవిలో ఉన్నారు. ఆ చట్టాలు అలాగే ఉన్నాయి. అందరికీ 18 ఏళ్ళని చట్టం చేసింది 2017లో, రౌలీగారి ప్రభుత్వం. పదవిలో ఆడదుంటే ఆడపిల్లల కష్టం దానంతటదే తీరిపోదు. ఈ ముక్క చేదుగా ఉన్నా మనం మింగాల్సిందే.

2025లో గెలిచిన వెంటనే జూన్‌లో ఈవిడ ప్రభుత్వం రోడ్ల పక్క గడ్డి కోసి, చెత్త తీసే పథకంలో కాంట్రాక్టులన్నీ రద్దు చేసింది. పదివేలమందికి పైగా కూలీల పని పోయింది. పాత ప్రభుత్వం పోతూపోతూ ఆ కాంట్రాక్టుల్ని సరైన అనుమతి లేకుండా పొడిగించిందని ప్రభుత్వం వాదన. కావచ్చు. కానీ ఆ కూలీల్లో పిల్లల్ని ఒంటిచేత్తో సాకే తల్లులూ ఉన్నారు. కాంట్రాక్టర్ల తప్పుకి వాళ్ళ పొయ్యి ఆరితే, ఆర్పిన చెయ్యి ఆడదైనా మగవాడిదైనా వాళ్ళకొకటే.

"మన అమ్మాయి కదా, మనమే అంటే ఎలా?" అంటారేమో. మా ఇంట్లోనే ఆ మాట వచ్చింది. నేనన్నాను, "మనమ్మాయి అని మీరు మురిసిపోతున్నది ఆవిడ పేరు చూసి, చేతిలో గీత చూసి. మీ మురిపెం వల్ల అక్కడ ఎవరికీ ఒరిగేదేమీ లేదు. పైగా ఆవిడ ప్రధాని అయింది వాళ్ళ దేశానికి. ఆఫ్రికా సంతతివాళ్ళ ఓటు కూడా పడితేనే ఇరవయ్యారు సీట్లు వస్తాయి" అని. 2018లో ప్రభుత్వ చమురు శుద్ధి కర్మాగారం మూసేసి సుమారు అయిదువేలమందిని ఇళ్ళకి పంపేశారు. 2024లో 620కి పైగా హత్యలు జరిగాయి. 14 లక్షల జనాభాలో! ఏడాది చివర దేశంలో అత్యవసర పరిస్థితి పెట్టాల్సొచ్చింది. ఇవన్నీ చూసి విసిగినవాళ్ళు, కొన్ని కార్మిక సంఘాలవాళ్ళు ఈసారి ఈవిడ వైపు వచ్చారు. కులం చూసో రంగు చూసో వేసే ఓటు కొంచెం కదిలితేనే ప్రభుత్వాలు మారతాయి. మనవాళ్ళమ్మాయి గెలిచింది "మనవాళ్ళు" అనుకోనివాళ్ళ ఓటుతో కూడా.

ముగ్గురూ ఆడవాళ్ళే

నాకు బాగా నచ్చిన సంగతి చివరికి దాచుకున్నాను. 2025 మేలో ట్రినిడాడ్‌లో ప్రధాని కమలగారు. ఆవిడ చేత ప్రమాణం చేయించిన రాష్ట్రపతి క్రిస్టీన్ కంగాలూ, ఆవిడా మహిళే. ఆవిడకి ముందు రాష్ట్రపతిగా ఉన్న పాలా మే వీక్స్ కూడా మహిళే. ఓడిన పీఎన్ఎం, ప్రతిపక్ష నాయకత్వాన్ని పెనెలోపీ బెకల్స్ అనే ఆవిడకి అప్పజెప్పింది.

కొంచెం ఆలోచించండి. ప్రభుత్వం తప్పు చేస్తే నిలదీయాల్సిన మనిషీ ఆడదే. ఇక అక్కడ ఎవరైనా "ఆడవాళ్ళ పాలన ఇంతే" అనాలంటే నోరు పెగలదు. తిట్టేదీ ఆడది, తిట్టించుకునేదీ ఆడదీ అయినప్పుడు ఇక మిగిలేది పని గురించిన మాటే. ఒక్కతే ఉంటే ఆమె భుజాల మీద మనందరి పరువు. పదిమంది ఉంటే ఎవరి పరువు వాళ్ళది. ఒక్క ఆడదాన్ని పైకెక్కించి చప్పట్లు కొట్టడం కాదు సమానత్వమంటే. నలుగురు ఆడవాళ్ళు నాలుగు పార్టీల్లో ఉండి, ఒకళ్ళు గెలిచి ముగ్గురు ఓడి, ఆ ముగ్గురూ మర్నాడు తలెత్తుకుని బజారుకెళ్ళి కూరలు కొనుక్కోగలగడం.

మన పార్లమెంటులో మూడోవంతు సీట్లు ఆడవాళ్ళకని 2023లో చట్టం చేశారు. 2024 ఎన్నికలకి అది అమలు కాలేదు. ఎప్పుడు అమలైనా, ప్రతి మూడు సీట్లలో ఒకదానిలో పోటీచేసేవాళ్ళంతా ఆడవాళ్ళే ఉంటారు. ఒక్కో చోట ఒక్కరే గెలుస్తారు. తక్కినవాళ్ళంతా ఓడిపోతారు. గెలిచినవాళ్ళకి దండలు వేయడానికి చాలామంది ఉంటారు. ఓడినవాళ్ళు ఇంటికొచ్చి చెప్పులు విడిచేటప్పుడు ఎవరుంటారన్నదే నా బెంగ. చట్టం నిలబడే హక్కు ఇవ్వగలదు. ఓడిపోయే హక్కు మాత్రం ఇంట్లోవాళ్ళే ఇవ్వాలి. ఆ ఇంట్లోవాళ్ళలో అత్తలుగా, తోడికోడళ్ళుగా, ఆడపడుచులుగా మనమూ ఉన్నాం.

నా మట్టుకు నేను చేసిన తప్పు కూడా ఒప్పుకోవాలి. మా వదిన ఓడిపోయినప్పుడు నేను ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. "ఎందుకొచ్చిన గొడవ ఈవిడకి" అనుకున్నాను. ఆ రోజు మా ఆడపడుచుల్లో ఏ ఒక్కరం వెళ్ళి పక్కన కూర్చుని "పోతే పోయిందిలే వదినా, వచ్చేసారి చూద్దాం" అని ఉంటే, ఆవిడ చేతిలో చేట ఇవాళ ఆగి ఉండేది కాదేమో.

ఆ పేపరు ముక్క కత్తిరించి దాచాను. ఈసారి ఊరెళ్ళినప్పుడు మా వదినకి చూపిస్తాను. "ఎవరీవిడ?" అని అడిగితే "మనవాళ్ళమ్మాయి" అని చెప్పను. "ఓడిపోయి, మళ్ళీ నిలబడ్డావిడ" అని చెబుతాను. టీ మాత్రం ఈసారి నేనే కలుపుతాను.